హోదా తేలని నేల - మనుషుల లెక్క: 1947-48 హైదరాబాద్ అనుభవం, మానవ హక్కుల పరిశీలన

ప్రవేశిక

ఒక భూభాగం ఎవరిదో తేలలేదు. అక్కడ పాలన సాగిస్తున్న ప్రభుత్వాన్ని ఇతర దేశాలు గుర్తించలేదు. అటువంటి చోట ఒక మనిషిని చంపినా, ఒక ఊరిని తగలబెట్టినా ఎవరిని అడగాలి? ఎవరు విచారించాలి? ఎవరు వ్రాసి ఉంచాలి? ఉత్తర సైప్రస్, ట్రాన్స్‌నిస్ట్రియా, అబ్‌ఖాజియా వంటి ప్రాంతాల విషయంలో మానవ హక్కుల పరిశీలకులను ఈ ప్రశ్నలు దశాబ్దాలుగా వేధిస్తున్నాయి.

ఇది మనకు సంబంధం లేని దూరపు సంగతిగా తోచవచ్చు. కాని నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో సేవ చేస్తున్న మనం నిలిచి ఉన్న నేలే 1947 ఆగస్టు 15 నుండి 1948 సెప్టెంబరు 17 వరకు ఇటువంటి నేల. ఆ పదమూడు నెలలలోను, ఆ తరువాత మూడేండ్లలోను ఇక్కడ చనిపోయినవారి పూర్తి లెక్క నేటికీ లేదు. ఉన్న లెక్కలు ఎవరి పక్షం వారు తమవారి కొరకు వ్రాసుకున్నవి. ఎందుకు ఇలా జరిగింది, హోదా తేలని ప్రాంతంలో హక్కుల పరిశీలన ఎలా జరగాలి, ఈ విషయంలో సంఘ కాపరికి పని ఏమైనా ఉన్నదా అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

1. హోదా వివాదం

1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టంతో సంస్థానాలపై బ్రిటిష్ సార్వభౌమాధికారం ముగిసింది. తాను భారతదేశంలోను, పాకిస్తాన్‌లోను చేరననీ, బ్రిటిష్ అధికారం తొలగగానే తనకు స్వతంత్ర హోదా వస్తుందనీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1947 జూన్‌లో ఫర్మానా ద్వారా ప్రకటించాడు. ఆనాటి సంస్థానంలో 16 జిల్లాలు ఉండేవి: తెలుగువి 8, మరాఠీవి 5, కన్నడవి 3. జనాభా 1941 లెక్కల ప్రకారం కోటీ 63 లక్షలు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. అది అసలు ప్రశ్నను పరిష్కరించలేదు, వాయిదా వేసింది.

రాజ్యమని పిలువబడాలంటే స్థిరమైన జనాభా, నిర్ణీతమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం ఉండాలని 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం చెబుతుంది. హైదరాబాద్‌కు మొదటి మూడు ఉన్నాయని నిజాం పక్షం వాదించగలదు. నాలుగవది ఎన్నడూ లేదని, చుట్టూ భారతదేశమే ఉన్న ఈ సంస్థానం విడిగా నిలువజాలదని భారత ప్రభుత్వం వాదించింది. అంతర్జాతీయ గుర్తింపు మాత్రం నిజాంకు లభించలేదు.

నల్గొండ జిల్లాలో పరిస్థితి మరింత చిక్కుగా ఉండేది. అప్పటికి ఈ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండుకు బలి అయ్యాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆ తరువాత అనేక గ్రామాలలో సంఘం కమిటీలే భూములు పంచాయి, తీర్పులు చెప్పాయి. ఒక ప్రక్క నిజాం పోలీసులు, కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు. మరొక ప్రక్క దళాలు. మధ్యలో దేశ్‌ముఖుల గూండాలు. పగలు ఒకరి రాజ్యం, రాత్రి మరొకరి రాజ్యం. పాలమూరు ప్రక్క ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో 1947 అక్టోబరులో నిజాం పోలీసులు కాల్పులు జరిపి గ్రామస్థులను చంపారు. చనిపోయినవారి బంధువులు ఫిర్యాదు చేయవలసింది కూడా ఆ పోలీసులకే.

హోదా తేలని నేల స్వభావం ఇదే. అధికారం లేకపోవడం కాదు, అధికారాలు ఎక్కువై జవాబుదారీ లేకపోవడం.

2. ప్యారిస్‌లో వాదం, పల్లెలలో చావులు

1948 ఆగస్టు, సెప్టెంబరు నెలల తేదీలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూస్తే ఈ సమస్య స్పష్టమవుతుంది.

ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చునన్న 35వ అధికరణమే దానికి ఆధారం. ఆ రాత్రే హైదరాబాద్ నగరంలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌పై దాడి చేసి, చేయి నరికి, చంపారు. సంస్థానం భారతదేశంలో కలవాలని వ్రాయడం, రజాకార్ల దౌర్జన్యాలను ఎత్తి చూపడం ఆయన చేసిన నేరం. ఆగస్టు 27న భైరాన్‌పల్లి గ్రామంపై రజాకార్లు, సంస్థానపు బలగాలు దాడి చేసి పెద్ద సంఖ్యలో గ్రామస్థులను ఊచకోత కోశారు. చనిపోయినవారెందరో ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెబుతారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 16న ప్యారిస్‌లో సమావేశమైన భద్రతా మండలి హైదరాబాద్ ప్రశ్నను చర్చకు తీసుకున్నది. 17న నిజాం సైన్యం పోరాటం ఆపింది. 22న నిజాం తన ఫిర్యాదును ఉపసంహరించుకున్నట్లు సమితికి తెలిపాడు. 1949 మేలో ఒకసారి మళ్ళీ చర్చ జరిగింది. అటు తరువాత ఏ తీర్మానమూ రాలేదు.

మండలిలో వాదం ప్రధానంగా దేని చుట్టూ తిరిగింది? హైదరాబాద్‌ను రాజ్యమనవచ్చునా, ఫిర్యాదు చేసే అర్హత దానికి ఉన్నదా అన్న ప్రశ్న చుట్టూ. ప్రజల బాధలు ప్రస్తావనకు రాలేదని కాదు. రజాకార్ల అకృత్యాలను భారత ప్రభుత్వం 1948 నాటి శ్వేతపత్రంలో వివరించింది. భారత సైనిక చర్యను నిజాం ప్రతినిధులు వర్ణించారు. కాని ఆ బాధలు వాదానికి సాక్ష్యంగా వచ్చాయి గాని, విచారణకు విషయంగా రాలేదు. భైరాన్‌పల్లి విధవరాలికి ఈ రెండింటికి ఉన్న తేడా చాలా పెద్దది. మొదటిదానిలో ఆమె కన్నీరు ఒక పక్షానికి ఉపయోగపడుతుంది. రెండవదానిలో ఆమెకు న్యాయం జరిగే అవకాశం ఉంటుంది.

3. సుందర్‌లాల్ బృందం

సైనిక చర్య సమయంలోను, దాని తరువాతి వారాలలోను సంస్థానంలోని అనేక జిల్లాలలో ముస్లింలపై ప్రతీకార హత్యలు, దోపిడీలు, అత్యాచారాలు జరిగాయి. ఆ వార్తలు ఢిల్లీకి చేరినప్పుడు పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అనే ముగ్గురితో ఒక సద్భావనా బృందం వచ్చింది. ఖాజీ అబ్దుల్ గఫార్ హైదరాబాద్‌లో పయామ్ పత్రికకు సంపాదకుడుగా ఉన్నవాడు. వారు 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు పర్యటించారు. 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగారు. తాము వెళ్ళలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు.

వారి అంచనా ప్రకారం సంస్థానమంతటా 27 వేల నుండి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికంటె ఎక్కువ నష్టపోయాయి. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాలలో కలిపి కనీసం 5 వేల మంది చనిపోయారని వారు వ్రాశారు. అంటే రజాకార్ల చేతిలో నలిగిన నల్గొండ జిల్లా ఈ జాబితాలో కూడా ఉన్నది. ఒకే జిల్లా రెండు జాబితాలలోను కనిపించడం మనం మరచిపోకూడని విషయం.

ఈ నివేదికలో మరొక మంచి గుణం ఉన్నది. రజాకార్ల దౌర్జన్యాన్ని అది దాచలేదు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో పాల్గొన్నారన్న సాక్ష్యాన్నీ దాచలేదు. తోటి ముస్లింలను తమ ఇండ్లలో దాచి కాపాడిన హిందువుల గురించి, ముస్లిం సాలెవారిని రక్షించిన హిందూ సాలెవారి గురించి కూడా వ్రాసింది. అయినా ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. కొన్ని దశాబ్దాల తరువాత మాత్రమే దాని భాగాలు వెలికి వచ్చాయి. 2013లో ఎ.జి. నూరానీ గ్రంథంలో పాఠం అచ్చయింది. అప్పటికి సాక్షులలో అత్యధికులు కన్నుమూశారు. వ్రాసి కూడా దాచిపెట్టిన లెక్క చనిపోయినవారి కుటుంబాలకు అందలేదు.

నల్గొండ కథ అక్కడితో ముగియలేదు. సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించబడేవరకు సైన్యానికి, దళాలకు నడుమ గ్రామాలు నలిగాయి. సుమారు 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చంపబడ్డారనీ, 10 వేల మందికి పైగా నిర్బంధ శిబిరాలలో, జైళ్ళలో గడిపారనీ పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన గ్రంథంలో వ్రాశారు. దళాల చేతిలో హతులైనవారి లెక్కను ప్రభుత్వం చెప్పింది. ఎవరి మృతులను వారే లెక్కించుకున్నారు. అందరి మృతులను ఒకే పుస్తకంలో వ్రాసినవారు లేరు.

4. ప్రపంచం నేర్చుకున్న పాఠం

1948 డిసెంబరు 10న, సుందర్‌లాల్ బృందం మన జిల్లాలలో తిరుగుతున్న రోజులలోనే, ప్యారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. దాని 2వ అధికరణం రెండవ భాగం మన విషయానికి మూలస్తంభం. మనిషి నివసించే భూభాగపు రాజకీయ, అంతర్జాతీయ హోదా ఏదైనప్పటికీ, ఆ కారణంగా అతని హక్కులలో తేడా చూపరాదని అది చెబుతుంది. హక్కులు మనిషికి అంటుకొని ఉంటాయి, సరిహద్దు రాయికి కాదు.

ఈ మాటను ఆచరణలో పెట్టడానికి చాలా కాలం పట్టింది. నేడు మూడు సూత్రాలు స్థిరపడ్డాయి.

మొదటిది, అదుపు ఎవరిదో జవాబుదారీ వారిదే. ఉత్తర సైప్రస్‌లో తన ఇంటికి, భూమికి వెళ్ళలేకపోయిన లోయిజిడు అనే స్త్రీ వేసిన దావాలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1996లో టర్కీని బాధ్యురాలిగా తీర్చింది. ఆ ప్రాంతం తనది కాదని టర్కీ తప్పించుకోలేకపోయింది, ఎందుకంటే అక్కడ దాని సైన్యం ఆధీనం నడుస్తున్నది. 2004లో ఇలాస్కు దావాలో అదే న్యాయస్థానం ట్రాన్స్‌నిస్ట్రియాలో జరిగిన అక్రమ నిర్బంధానికి రష్యాను బాధ్యురాలిగా చేసింది. అదుపు లేకపోయినా ఆ నేల తనదని చెప్పుకొనే మాల్డోవాకు కూడా తన వంతు కర్తవ్యం ఉన్నదని చెప్పింది. 1948 నల్గొండకు ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే, రజాకార్లను వదిలిపెట్టిన నిజాం ప్రభుత్వం, సెప్టెంబరు 17 తరువాత ఏర్పడిన సైనిక ప్రభుత్వం, గ్రామాన్ని తన చేతిలో ఉంచుకొన్న దళం, ఈ ముగ్గురూ తమ అదుపు ఉన్నంత మేరకు జవాబు చెప్పవలసినవారే.

రెండవది, పరిశీలించడం గుర్తించడం కాదు. ఒక పరిశీలకుడు గుర్తింపు లేని ప్రాంతపు జైలును చూచినంత మాత్రాన ఆ ప్రభుత్వానికి రాజ్య హోదా ఇచ్చినట్లు కాదు. థామస్ హామర్‌బర్గ్ ఐక్యరాజ్యసమితి నిపుణుడుగా ట్రాన్స్‌నిస్ట్రియా వెళ్ళి, అక్కడి అధికారులతో మాట్లాడి, జైళ్ళు చూచి 2013లో నివేదిక ఇచ్చారు. హోదా ప్రశ్న ఉన్నచోటనే ఉన్నది. ఖైదీల స్థితి మాత్రం వెలుగులోకి వచ్చింది.

మూడవది, రెండు పక్షాల మృతులను ఒకే పుస్తకంలో వ్రాయాలి. సైప్రస్‌లో 1981లో ఏర్పడిన తప్పిపోయినవారి కమిటీలో గ్రీకు సైప్రస్ పక్షం నుండి ఒకరు, టర్కీ సైప్రస్ పక్షం నుండి ఒకరు, ఐక్యరాజ్యసమితి నియమించే మూడవవారు ఉంటారు. దాని జాబితాలో 2,002 పేర్లు: 1,510 గ్రీకు సైప్రస్‌వారివి, 492 టర్కీ సైప్రస్‌వారివి. వెయ్యి మందికి పైగా అవశేషాలను గుర్తించి కుటుంబాలకు అప్పగించారు. ఎవరు చంపారో ఆ కమిటీ తేల్చదు. అది దాని పరిమితి. అయినా తన బిడ్డను తన చేతులతో పాతిపెట్టుకొనే అవకాశం తల్లికి దొరికింది.

5. పొలములో పడియున్న శవము

ద్వితీయోపదేశకాండము 21:1-9లో ఒక విచిత్రమైన విధి ఉన్నది. పొలములో ఒకడు హతుడై పడియున్నాడు, చంపినది ఎవరో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు బయలుదేరి వచ్చి శవము నుండి చుట్టునున్న ఊళ్ళ దూరము కొలువవలెను. దగ్గరి ఊరి పెద్దలు పెయ్యను తీసికొని ఏటి లోయకు వెళ్ళి, దాని మెడ విరుగదీసి, చేతులు కడుగుకొని, తమ చేతులు ఈ రక్తమును చిందింపలేదనీ తమ కన్నులు చూడలేదనీ దేవుని యెదుట చెప్పవలెను. యాజకులు అక్కడ ఉండవలెను.

ఈ భాగాన్ని సాధారణంగా ప్రాయశ్చిత్తం కోణంలోనే బోధిస్తాము. మన విషయానికి ఉపయోగపడే నాలుగు సంగతులు ఇందులో ఉన్నాయి. చనిపోయినవాడు ఏ గోత్రమువాడో ఎవరూ అడుగరు. శవము రెండు ఊళ్ళ మధ్య ఉన్నదని ఇద్దరూ చేతులు దులుపుకొనడానికి వీలు లేదు, కొలిచి తేల్చవలసిందే. హంతకుడు దొరకలేదని విషయం మూసివేయరాదు, సమాజం బహిరంగంగా జవాబు చెప్పాలి. చివరగా, పెద్దలు పలికే మాటలో ఒక ఉచ్చు ఉన్నది. కన్నులు చూచినవాడు ఆ మాట పలుకలేడు. చూచినవాడు సాక్ష్యం చెప్పి తీరాలి. యాజకుడు అక్కడ నిలుచున్నది చేతులు కడిగించడానికి మాత్రమే కాదు, ఆ మాట అబద్ధం కాకుండా చూడటానికి కూడా.

6. సంఘ కాపరి చేయదగిన పని

నల్గొండ, సూర్యాపేట ప్రాంతాలలో బాప్టిస్టు మిషను, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మెన్నోనైట్ బ్రదరెన్ మిషను నాటిన సంఘాలలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబాలవారు. దొరల గడీలకు వెట్టి చేసినవారు వారిలో ఉన్నారు, సంఘంలో చేరి కర్ర పట్టినవారూ ఉన్నారు. ఆ కుటుంబాల జ్ఞాపకం మన గుమ్మం దగ్గరే ఉన్నది. 1948లో పదిహేనేండ్ల బాలుడు నేడు తొంభై దాటిన వృద్ధుడు. సమయం తక్కువగా ఉన్నది.

ఈ పనికి మొదట కావలసింది పేరు, ఊరు, తేదీ. "చాలామంది చనిపోయారు" అన్న మాట సాక్ష్యం కాదు. ఫలానివాని కుమారుడు ఫలానివాడు, ఫలాని పండుగ తరువాత ఎన్ని దినములకు, ఏ బావి దగ్గర అని వ్రాస్తే సాక్ష్యం. పాత సంఘ పుస్తకాలు, సమాధుల మీది రాళ్ళు ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ వాటితో సరిచూడాలి. కన్నారా చూచినది, విన్నది వేరువేరుగా వ్రాయాలి. వృద్ధుడు అంకె చెప్పలేకపోతే మనం అంకె కల్పించరాదు.

రెండవది, అందరినీ వ్రాయాలి. రజాకార్ల చేతిలో చనిపోయిన రైతును, సెప్టెంబరు తరువాత చంపబడిన ముస్లిం దూదేకులవానిని, సైన్యం కాల్చిన కార్యకర్తను, దళం చంపిన పటేలును ఒకే పుస్తకంలో వ్రాయాలి. ఇది చెప్పినంత సులభం కాదు. తరువాతి కాలంలో పోలీసులకు, నక్సలైట్లకు నడుమ నల్లమల అంచు గ్రామాలు నలిగినప్పుడు మన రాష్ట్రంలో ఇదే ప్రశ్న వచ్చింది. రాజ్యహింసతో పాటు ఉద్యమాల హింసను కూడా ప్రశ్నించాలన్న వాదం మీద కె. బాలగోపాల్, ఆయన సహచరులు పౌరహక్కుల సంఘం నుండి విడివడి 1998లో మానవ హక్కుల వేదికను ఏర్పరచారు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ అటు ప్రభుత్వాన్ని, ఇటు నక్సలైట్లను ప్రశ్నించింది.

మూడవది, సాక్షిని కాపాడాలి. లెక్క వ్రాసేవాడికి ప్రమాదం ఉంటుందని షోయబుల్లా ఖాన్ మరణం చెబుతుంది. పౌరహక్కుల సంఘ నాయకుడు, న్యాయవాది టి. పురుషోత్తం 2000 నవంబరు 23న హైదరాబాద్‌లో, అదే సంఘపు నల్గొండ జిల్లా నాయకుడు ఆజం అలీ 2001 ఫిబ్రవరి 18న నల్గొండలో హత్యకు గురయ్యారు. కనుక సాక్షి అనుమతి లేకుండా అతని పేరు బయట పెట్టరాదు. వ్రాసినదానికి రెండవ ప్రతి మరొక చోట ఉంచాలి. ఒకే ఊరిలో హంతకుని మనుమడు, హతుని మనుమడు ఒకే బల్ల మీద ప్రభు సంస్కారం తీసికొంటూ ఉండవచ్చు. పగ పెంచడానికి కాదు, అబద్ధం తొలగించడానికే ఈ పని అని ఇరువురికీ ముందే తెలియజెప్పాలి.

ముగింపు

ఏటా సెప్టెంబరు 17 వచ్చినప్పుడు ఆ దినాన్ని ఏమని పిలవాలన్న వాదన మన జిల్లాలలో మళ్ళీ లేస్తుంది. కొందరికి అది విమోచన, కొందరికి విలీనం, కొందరికి విద్రోహం. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని జరిపాయి. 2024లో రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. ఇదికూడ హోదా గురించిన వాదమే. ప్యారిస్‌లో మొదలైన వాదం మన మండల కేంద్రాలలోని జెండా కర్రల దగ్గర కొనసాగుతున్నది.

ఆ వాదంలో ఎవరు ఏ పక్షం వహించినా వహించవచ్చు. కాని దినానికి పేరు పెట్టడానికి ముందు మృతులకు పేర్లు పెట్టాలి. భైరాన్‌పల్లి బురుజు దగ్గర పడినవారికి స్తూపం ఉన్నది. అదే సంవత్సరం చివర మన జిల్లా ఊళ్ళలో చంపబడిన అనేకమందికి ఒక కాగితం ముక్క కూడా లేదు. రాజ్యాల హోదాను తేల్చడం మన చేతిలో లేదు. మన ఊరికి, శవానికి ఉన్న దూరాన్ని కొలవడం మాత్రం మన చేతిలో ఉన్నది. ఒక్కొక్క కాపరి తన సేవా ప్రాంతంలోని తొంభై ఏండ్ల వృద్ధులలో ఒక్కరి దగ్గర కూర్చొని ఒక నోటు పుస్తకం నింపితే, డెబ్బది ఏండ్లకు పైగా ఖాళీగా ఉన్న పుట నిండడం మొదలవుతుంది.